మ్యాచ్‌కు ఎదురొచ్చిన మల్లీశ్వరి

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఫుట్‌బాల్ అని పేరు పెట్టి, బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట గురించి ఏం రాస్తాం?

మస్కట్‌లో నేను ఒక అమెరికా సాబ్‌కు డ్రైవర్ని. ఆయన మ్యాచ్ చూడ్డానికి స్నేహితుడింటికి బయల్దేరుతుంటే వంటమనిషి మల్లీశ్వరి ఎదురొచ్చింది. అదివరకు ఓడిపోతున్న సాబ్ వాళ్ల ఊరి టీము ఆ రోజు గెలిచింది. మనవాళ్లు మంచి ఎదురు చూసుకుని కదులుతారని నోరు జారింది నేనే. అంతే, అంత చదివిన ఇంజనీరు ప్రతి మ్యాచ్‌కూ ఆమెను గేటు దగ్గర నిలబెట్టాడు. టీము ప్లేఆఫ్స్‌కు చేరింది. చెల్లెలి కొడుకు పెండ్లికి ఆమె అడిగిన సెలవు మాత్రం "సీజన్ అయ్యాకే" అన్నాడు.

సెమీఫైనల్ రోజు నాకే జాలేసింది. "మొగుడు పోయినామె ఎదురు రాకూడదని సాబ్‌కు చెప్పేస్తా మల్లీ. ఈ పూటే విమానం ఎక్కిస్తాడు."

"చెప్పొద్దు చిన్నాయనా. ఆడ పెండ్లికొడుకు బయల్దేరేటప్పుడు నన్ను వంటింట్లోకి పొమ్మంటారు. ఈడ నేనొస్తేగానీ కారు కదల్దు."

ఆ రోజు టీము ఓడి, సీజన్ ముగిసింది. సాబ్ సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు.

మల్లీశ్వరి తేదీ చూసి, ప్రయాణాన్ని పెండ్లి అయిన మర్నాటికి మార్పించుకుంది.