పదో టికెట్టు

ఊరి జనాభా అంటే బతికున్నవాళ్ళేనా, పోయినవాళ్ళను కూడా దేవుడు లెక్కలో ఉంచుకుంటాడా అని కండక్టరుకు ఏళ్ళుగా సందేహం.

ఆ రాత్రి ఆఖరి ట్రిప్పులో తొమ్మిది మందే ఎక్కారు. పది టికెట్లు తెగకపోతే రేపటినుంచి ఆ కొండ ఊరికి బస్సు రద్దు. అక్కడికి మరో బండి పోదు.

"నువ్వే ఒకటి కొట్టెయ్యరాదా బావా?" అన్నాడు డ్రైవరు.

"దొంగ లెక్క రాసి దేవుడికి ఏ మొహంతో దణ్ణం పెట్టను?"

"అయితే ఆయన్నే ఎక్కమను."

దారిలో బస్సు ఎక్కడా ఆగలేదు. అయినా వెనక సీట్లో గాజులు గలగలలాడాయి. కండక్టరు మళ్ళీ తలలు లెక్కపెట్టాడు. పది. వెనక కూర్చున్నది ఊరి మంత్రసాని. కిందటేడు ఆమెను కాటికి సాగనంపినవాళ్ళలో తనూ ఉన్నాడు.

"టికెట్టివ్వు నాయనా. ఆనాడు వానలో కాన్పుకు పోతుంటే నా టికెట్టు డబ్బు నీ జేబులోంచి వేశావు, గుర్తుందా?"

గుర్తుంది. ఆ కాన్పులో పుట్టిన పిల్ల ముందు సీట్లో, కాలేజీ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది.

చల్లటి నాణేలు రెండు అతని అరచేతిలో పడ్డాయి. "ఒకటి ఇవ్వాళ్టిది. ఒకటి నీ బాకీ."

పదో టికెట్టు చింపి ఇచ్చాడు. ఒక నాణెం సంచిలో వేశాడు. రెండోది కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు.