పరిశీలన నిమిత్తం

కేసు నాలుగోసారి వాయిదా పడింది.

"వస్తువును కోర్టు స్వయంగా పరిశీలిస్తోంది. పరిశీలన ఇంకా పూర్తి కాలేదు. వచ్చే సోమవారం" అని జడ్జిగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

బోనులో నిలబడ్డ మెకానిక్ నాలుగో వేలు మడిచాడు.

వస్తువంటే మరేం కాదు, అతని షాపులో జప్తు చేసిన వీడియోగేమ్ యంత్రం, రెండు చేతులతో పట్టుకుని ఆడుకునేది. కొత్త యంత్రంలో పాత ఆటలు నడవకుండా కంపెనీ లోపలే ఒక తాళం బిగించింది. పాత ఆటలు డబ్బు పోసి కొనుక్కున్నవాళ్ళు లబోదిబోమంటూ మెకానిక్ దగ్గరికి పరుగెత్తారు. అతను తాళం తీసిపెట్టాడు. దొంగ ఆటలు ఎక్కించమని ఎంతమంది బతిమాలినా ఒక్కటీ ఎక్కించలేదు. 'తలుపు తీయడం వరకే నా పని, ఇంట్లో దూరడం కాదు' అని షాపు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాడు కూడా. కంపెనీవాళ్ళు ఆ గోడనే ఫోటో తీసి సాక్ష్యంగా పెట్టారు. తలుపు తీశానని నోటితో చెప్పేవాళ్ళుంటారు గానీ, గోడకెక్కించేవాళ్ళుంటారా!

షాపుకు సీలు పడి రెండు నెలలు. నేరం రుజువైతే జైలే, ఇక ఆ సీలూ ఊడదు. అతనికి వేరే విద్య రాదు.

పైగా కేసు వెళ్ళి వెళ్ళి పేరుమోసిన చండశాసనురాలి దగ్గర పడింది. ఆవిడ కళ్ళద్దాలు కాస్త కిందికి జారాయంటే తలపండిన లాయర్లే వాదన మధ్యలో ఆపి కూర్చుంటారు. మెకానిక్ తరఫున వాదిస్తున్నది స్వయానా బావమరిది. వాదించడమంటే ప్రతి వాయిదాకీ నల్లకోటు తొడుక్కుని రావడం.

"ఆవిడ కళ్ళు చూశావా బావా? చింతనిప్పుల్లా ఉన్నాయి" అన్నాడు బావమరిది మెట్లు దిగుతూ.

"నిద్రలేనట్టుందిరా పాపం."

"పాపమా? రాత్రీపగలూ చట్టాలు తిరగేస్తున్నారు. బొటనవేలికి కట్టు చూడలేదా? రాసి రాసి వాచిపోయుంటుంది. అంత పొడుగు తీర్పు వదిలేయడానికి రాస్తారా ఎవరైనా?"

ఇంటికెళ్తే భార్య ఇంకో మాట అంది.

"ఏమండీ, ఆ మహాతల్లి అన్నిసార్లు పరిశీలిస్తోందంటే మీ పనిలో ఏదో లోపం దొరికే ఉంటుంది."

జైలు మాటకన్నా ఆ మాటే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. ఇరవయ్యేళ్ళలో అతని చేతిపనికి ఎవరూ వంక పెట్టలేదు.

సోమవారం వచ్చింది. జడ్జిగారు ముందు కంపెనీ లాయరు మీద పడ్డారు.

"తాళం ఎవరిది?"

"మాదేనండీ."

"తాళమంటే కప్పా, చెవా?"

"రెండూ మావేనండీ."

"యంత్రం?"

"అది... కొన్నవాళ్ళది."

"అంటే ఇల్లు వాళ్ళది, కప్పా చెవీ మీవి. కొనుక్కున్న పాపానికి వాళ్ళు వీధిలో నిలబడాలి. అంతేనా?"

కంపెనీ లాయరు కాగితాలు తిరగేశాడు. మెకానిక్ ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆవిడ ఇటు తిరిగారు. కళ్ళద్దాలు జారాయి.

"ఏమయ్యా, ఒకసారి ఛార్జింగు పెడితే ఇది ఎంతసేపు నడుస్తుంది?"

"అయిదు గంటలండీ."

"అబద్ధం. నాలుగుంబావు గంటల్లోనే ఆగిపోయింది. కోర్టు స్వయంగా చూసింది."

"వాచీ పట్టుకుని చూశారు బావా! అయిపోయాం" అని గొణిగాడు బావమరిది.

"తాళం తీసేటప్పుడు ఆటలో ఎక్కడైనా చెయ్యి పెట్టావా? నిజం చెప్పు."

"ప్రమాణం చేసి చెబుతున్నానండీ. ఆట జోలికే పోలేదు."

"అయితే అదంతా అసలు ఆటలోనే ఉందంటావు?"

'అదంతా' అంటే ఏమిటో అతనికి బోధపడలేదు. అయినా తలూపాడు. జడ్జిగారు పెదవి బిగించి పెద్ద నిట్టూర్పు విడిచారు. కంపెనీ లాయరు మీసాల్లో నవ్వుకున్నాడు.

తీర్పు మాత్రం నాలుగే ముక్కలు.

"సొంత వస్తువుకున్న తాళం తీయించుకోవడం నేరం కాదు. తీసిపెట్టినవాడు దొంగ కాదు. ఈ క్షణమే షాపు సీలు తీయండి. వస్తువు మాత్రం పరిశీలన పూర్తయ్యాకే సొంతదారుకు అందుతుంది."

మెకానిక్ కళ్ళు చెమ్మగిల్లాయి. బావమరిది తానే గెలిపించినట్టు కోటు సర్దుకున్నాడు. సర్దుకుంటూనే ఆగాడు.

"తీర్పయ్యాక ఇంకా పరిశీలనేమిటి బావా?"

ఆ మాటకు జవాబు దొరక్కముందే బంట్రోతు వచ్చాడు. "మెకానిక్ గారూ, అమ్మగారు గదిలోకి రమ్మంటున్నారు. మీరొక్కరే."

అతను బంట్రోతు వెంట నడిచాడు. భార్య అన్నంతా అయింది. పనిలో లోపం దొరికింది. కోర్టులో నలుగురి ముందూ పరువు తీయడం ఇష్టంలేక లోపలికి పిలిచారు.

గదిలో జడ్జిగారు తలుపు దగ్గరగా వేశారు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"కేసు నడుస్తుండగా నీతో చాటుగా ఒక్క మాట మాట్లాడినా అన్యాయమయ్యేది. అందుకే ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాను. తీర్పయిపోయింది కాబట్టి ఇప్పుడు అడగొచ్చు."

"తప్పేదైనా ఉంటే చెప్పండమ్మా, సరిచేస్తాను" అన్నాడతను, సగం గొంతుతో.

ఆవిడ సొరుగు లాగి యంత్రాన్ని అతని చేతుల్లో పెట్టి, తలుపు వంక ఓసారి చూసి, రహస్యంగా అడిగారు: "ఆరో కోటలో ఆ మూడు తలల పాము నన్ను పదిహేడుసార్లు చంపిందయ్యా, దాన్ని దాటడమెలాగ?"