రాజాకి పడలేదు

పక్షుల డాక్టరు రాజాని తువ్వాలులో చుట్టి, రొమ్ము మీద దూదితో మందు అద్దాడు. ఆఫ్రికా జాతి చిలుక. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రటి తోక ఉండాలి. రొమ్ము మీద ఈకలన్నీ తనే పీకేసుకున్నాడు. చూడటానికి మిగిలింది ఆ తోకొక్కటే.

"జబ్బేం లేదు, బెంగ," అన్నాడు డాక్టరు. "ఇంట్లోకి కొత్తగా ఎవరైనా వచ్చారా?"

కళ్ళజోళ్ళాయన భార్య వైపు చూశాడు. కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్న నాటినుంచీ వీధిలో ఆయన పేరు అదే.

"చిట్టి వచ్చింది. మూడు నెలలైంది," అంది భార్య.

"అదీ సంగతి. వీడికి మీరే లోకం. పంచుకోవడం చేతకాదు. మీరు ఇంట్లో అడుగుపెట్టగానే ముందు రాజాని పలకరించండి, తర్వాతే చిట్టిని. మెల్లగా అలవాటు పడతాడు. ఏడాది పట్టచ్చు. ఓపిక పట్టండి."

"ఏడాదా! అప్పటిదాకా వీడు బతికుంటే కదా!" అంటూ ఆవిడ రాజాని గుండెలకి హత్తుకుంది.

పెళ్ళైన ఏడే వచ్చాడు రాజా. ఇరవై ఏళ్ళు. ముక్కు సరిగ్గా విప్పలేని నాడు చెంచాతో గంజి పోసి పెంచింది. వాడి మాటలన్నీ ఆవిడ గొంతే. ఆయన చెప్పుల్లో కాలు పెడితే చాలు, "ఏమండీ, తాళాలు మర్చిపోయారు!" అనేవాడు. అరిచింది పెళ్ళామో చిలుకో తెలియక ఆయన ఇద్దరికీ "ఆఁ" కొట్టేవాడు.

చిట్టిని తెచ్చుకుందామన్నదీ ఆవిడే. ఇల్లు మరీ బోసిగా ఉందంది. అందుకు ఎన్ని కాగితాలు, ఎన్ని సంతకాలు! ఒకావిడ ఇంటికొచ్చి గాలీ వెలుతురూ, కిటికీ ఊచలూ కూడా చూసి రాసుకుపోయింది. ఏడాదిన్నర ఎదురుచూస్తే గానీ చిట్టి ఇల్లు చేరలేదు.

మొదటి వారం మూల వదల్లేదు. చెయ్యి చాస్తే వెనక్కి జరిగేది. ఒకసారి ఆయన వేలు కొరికేసింది కూడా. ఆయన కోప్పడలేదు. రోజూ ఆ మూలే చతికిలబడి, అరచేతిలో ఒక ద్రాక్షపండు పెట్టుకుని ఈల వేస్తూ కూర్చునేవాడు. పదో రోజున పండు తీసుకుంది. ఇరవయ్యో రోజున తిరిగి ఈల వేసింది. నెల దాటాక నోరు విప్పి మొదటిసారి "నాన్నా" అంది.

ఆ రోజు ఆయన దుకాణంలో ఒక కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమకీ ఎడమది కుడికీ బిగించేశాడు.

ఆ తర్వాత చిట్టికి ఆయన భుజమే మకాం. ఆదివారాలు దుకాణానికీ తీసుకెళ్ళేవాడు. అన్ని అద్దాల్లో తనే కనబడుతుంటే కేరింతలు కొట్టేది.

ఇక్కడ చిట్టి కేరింత, అక్కడ పంజరంలో రాజా ఇంకో ఈక పీకడం. నేల మీద బూడిదరంగు ఈకలు ఏరుకుంటూ ఆవిడ చిట్టివైపు కొరకొరా చూసేది. "పో, అవతలికి పో," అనేది. రెండ్రోజుల్లో రాజా ఆ మాటా పట్టేశాడు. చిట్టి ఆ గదిలోకి తొంగిచూస్తే చాలు, "పో! అవతలికి పో!" అనేవాడు, ఆవిడ గొంతుతోనే. చిట్టి ఈల వెయ్యడం మానేసింది.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఆవిడ తేల్చి చెప్పేసింది. "ఆర్నెల్లలోపు వెనక్కి ఇచ్చెయ్యచ్చని రాసే ఉంది."

"చిట్టి ఏం చేసిందే పాపం?"

"ఏం చెయ్యలేదు. కానీ వాడు ఇరవై ఏళ్ళుగా నా బిడ్డ. ఇది నిన్న గాక మొన్న వచ్చింది. వాడు పోతే మళ్ళీ తెచ్చిస్తారా మీరు?"

ఆయన లేచి బీరువాలోంచి చిట్టి కాగితాలు తీశాడు. ఆవిడ ముందు ఆయన మాట ఏనాడూ నెగ్గింది కాదు.

మర్నాడు ఉదయం చిట్టిని తెచ్చుకున్న చోటికే బయల్దేరారు. దారంతా ఆయన ఈల వేద్దామని పెదాలు సున్నా చుట్టాడు. గాలే వచ్చింది. వెనక సీట్లో చిట్టి కిటికీ వైపు తిరిగింది.

లోపల్నుంచి ఒకటే కిచకిచలు, కేకలు. బల్ల దగ్గర మేడమ్ చిట్టి బరువు చూసి రాసుకుంది. "పెరిగింది. బాగానే చూసుకున్నారే! మరి అరుస్తోందా? కొరుకుతోందా?"

"అబ్బే, అలాంటిదేం లేదు," అన్నాడు ఆయన.

"ఇలా వెనక్కి రావడం ఇది రెండోసారి. ఇంక ఎవర్నీ తొందరగా నమ్మదు." మేడమ్ కలం ఎత్తింది. "కారణం ఏం రాయమంటారు?"

"రాజా ఆరోగ్యం అని రాయండి," అంది ఆవిడ. భర్త మోచెయ్యి పట్టి లాగింది. "పదండి, వాడొక్కడే ఉన్నాడు ఇంట్లో."

ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగాడు.

లోపలి తలుపు దగ్గర ఆగిన చిట్టి, జారిపోతున్న బడిసంచీని భుజం మీదకి ఎగదోసుకుని, "రాజాకి ఈకలు మొలిచాక వచ్చి తీసుకెళ్తారా నాన్నా?" అని అడిగింది.