ట్రాలీలో గంగాళాలు

"దించు! నా గంగాళం మీద చెయ్యేస్తే చెయ్యి ఇరుగుతది!" ఎల్లం ట్రాలీ ఆటోకు అడ్డంగా నిలబడి అరిచాడు.

మెదక్ బస్టాండ్ వెనక సందులో, అతని టెంట్ హౌస్ ముందు, అప్పటికే జనం మూగారు. ట్రాలీ నిండా గంగాళాలు, గిన్నెలు, బకెట్లు, గరిటెలు. ఎక్కించినవాడు వడ్డీ వ్యాపారి నర్సింగం. ఎల్లం దుకాణం సామాను ఆయన దగ్గరే కుదువలో ఉంది. గడువు నిన్నటితో తీరింది.

"ఎందుకిరుగుతది రా? రాసిచ్చినవ్ గదా!" నర్సింగం కాగితం ఊపాడు. "టెంట్ హౌస్ సామాను అని రాసున్నది. సామానంటే అన్నీ. గరిటె గూడ నాదే."

"డేరాలు, కుర్చీలు కుదువ పెట్టిన, తీస్కపో. వంట గిన్నెలు ఎన్నడు పెట్టిన? రేపు కుల్చారంల ఆరువందల మంది పెండ్లి. దేంట్ల వండాలె? నీ నెత్తిలనా?"

"నెత్తి దాకా వస్తున్నవా?" నర్సింగం అతని కాలర్ పట్టుకున్నాడు. ఎల్లం ఆయన కండువా పట్టుకున్నాడు. ఎల్లం భార్య ఆగమ్మ ఊరుకుంటుందా? కొంగు నడుముకు చెక్కి, ట్రాలీ ఎక్కి, గంగాళం మీద కూర్చుంది.

"తీస్కపో! నన్ను గూడ కలిపి తీస్కపో! ఇరవై ఏండ్ల సంది ఇవి మోసి మోసి నా నడుం పోయింది. నాయి గాకుంటే ఎవలియి?"

"నాయి!"

"నీ తాత సంపాదించిండా? నాయి!"

కానిస్టేబుల్ మహేష్ వచ్చి ఇద్దరినీ విడదీశాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమేం సామానో లిస్టే లేదు గదనే. గిట్లయితే తెగదు. అన్నీ దించుండ్రి, ఒక్కొక్కటి రాద్దాం. ఎవలియంటే వాళ్లు కింద సంతకం పెట్టుండ్రి."

"అన్నిటికీ నేనే పెడ్త సార్!" అన్నాడు ఎల్లం.

"నేను ముందుగాల పెడ్త!" అన్నాడు నర్సింగం.

మహేష్ మొదటి గంగాళం బోర్లించాడు. అడుగున మసి కింద ఏవో అక్షరాలు కనబడితే తాళంచెవితో గీకాడు. పేరు కొట్టించని గిన్నె మన ఇళ్లలో ఎక్కడుంటుంది? గట్టిగా చదివాడు: "సువార్తమ్మ, బిడ్డ పెళ్లి కానుక."

"ఓ దేవుడా, నా గంగాళమే!" సువార్తమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఎల్లం టెంటేసిన పెండ్లినాడే మాయమైంది. మా వియ్యపురాలు దాచుకున్నదని అందరి ముందట తిట్టిన! ఏడేండ్ల సంది మా ఇద్దరికీ మాటల్లెవ్వు గదరా!"

రెండోది బకెట్, దాని మీద గాలయ్య పేరు. జనంలో ఉన్న గాలయ్య కాలి చెప్పు చేతిలోకి తీసుకున్నాడు.

మూడో గిన్నె మీది పేరును మహేష్ పైకి చదవలేదు. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఇది మా అమ్మ పేరు," అన్నాడు.

సందు మొత్తం ఒక్కసారిగా మీదికి వచ్చింది. మహేష్ చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో పెన్ను ముందుకు చాచాడు.

"ఇప్పుడు సంతకం పెట్టుండ్రి. ఈ సామాను ఎవలిది?"

ఎల్లం, నర్సింగం ఒకరినొకరు చూపించుకుని ఒక్క గొంతుతో అరిచారు:

"గీయనదే సార్!"