పెట్టెలోని పిలుపు

"అమ్మా, దీవిలో గట్టిగా మాట్లాడకూడదని బోర్డు పెట్టాం. మీరేమో ఏకంగా కూతలే పెడుతున్నారు."

రేంజర్ గొంతులో కోపం లేదు. కోప్పడే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

సందర్శకుల పడవలో వచ్చిన ముసలావిడ తాడు కంచె పట్టుకుని నిలబడి ఉంది. కంచె అవతల ఇసుకలో రంగు వేసిన చెక్కపిట్టలు, వాటి మధ్య ఓ లౌడ్‌స్పీకర్ పెట్టె. పగలంతా అది పిట్టకూత కూస్తూనే ఉంటుంది.

"మీ పెట్టెకి జవాబు చెబుతున్నా బాబూ," అందావిడ.

ఒకప్పుడు ఈ ఒడ్డంతా తెల్లపిట్టలే. నేల మీదే గూళ్ళు పెట్టుకునేవి. పిల్లులు చేరి తిన్నవి తినగా, మిగిలినవి రెక్కలకు బుద్ధి చెప్పాయి. పార్కు వాళ్ళు వచ్చి పిల్లులన్నిటినీ పట్టి దీవి దాటించారు. పిట్టల్ని మళ్ళీ రప్పించడానికి ఈ చెక్కపిట్టలు, వేరే దీవిలో రికార్డు చేసి తెచ్చిన ఈ కూత. తమవాళ్ళు ఉన్నారనుకుంటే దిగుతాయని ఆశ.

ఏటా వస్తాయి. పైన ఓ చుట్టు తిరుగుతాయి. వెళ్ళిపోతాయి.

ఈ ఏడూ దిగకపోతే ఈ ఒడ్డును రక్షిత హద్దులోంచి తీసేస్తామని పెద్దాఫీసు తేల్చేసింది. విహార గదులు కడతారట. రేంజర్ ఉద్యోగమంతా ఈ ఇసుకలోనే గడిచింది. "ఆ చెక్కపిట్టల్నే కాపురానికి తెచ్చుకోండి, ఉలుకూ పలుకూ లేకుండా పడుంటాయి," అని భార్య ఫోన్‌లో దెప్పుతుంటుంది. ఆవిడ మాటలో తప్పేం లేదని అతనికీ తెలుసు.

"ఇది పిలుపు కాదు బాబూ," అంది ముసలావిడ. "బెదురు."

"ఏంటి?"

"రికార్డు చేసినాయన గూళ్ళ దగ్గరదాకా వెళ్ళుంటాడు. ఆయన్ని చూసి అరిచిన అరుపిది. వచ్చేవాటిని మీరే పొమ్మంటున్నారు."

రేంజర్ నిట్టూర్చాడు. "నిన్నొకాయన వచ్చి చెక్కపిట్టలకి ముక్కు వంకరన్నాడు. మొన్నొకావిడ వాటికి గొడుగులు పెట్టమంది. ఇవాళ మీరు."

"ఒక్క పూట ఆపి చూడు. అసలు పిలుపు నేను చెబుతా, రికార్డు చేసుకో. మెత్తగా, గొంతులోనే ఉంటుంది."

"మీకెలా తెలుసమ్మా?"

ఆవిడ ఒడ్డు చివరున్న పాత లైట్‌హౌస్ వైపు చూసింది.

"ఈ అరుపు నేను చాలాసార్లు విన్నాను."

అదీ ఒక జవాబేనా అనుకున్నాడు రేంజర్.

"పడవకి టైమైంది. పదండమ్మా."

"మళ్ళీ రానా బాబూ?"

అతను పడవ వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ పడవెక్కాక, పడవవాడిని పక్కకు పిలిచి, "ఈవిడకి ఇంక టికెట్ ఇవ్వకు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు మొదలెడతారు," అని చెప్పాడు.

సీజను చివర్లో పెట్టె బ్యాటరీ పోయింది.

రేపు మారుద్దాంలే అనుకున్నాడు. రేపు ఎల్లుండి అయింది, ఎల్లుండి వారమైంది. ఎలాగూ మూసేసే దుకాణమే కదా అని ఊరుకున్నాడు.

ఓ పొద్దున టీ గ్లాసుతో గది బయటికొచ్చి ఒడ్డు వైపు చూశాడు.

చెక్కపిట్టల్లో ఒకటి మెడ తిప్పింది.

కళ్ళు నులుముకున్నాడు. ఇంకోటి రెక్క దువ్వుకుంటోంది. ఆ పక్కన ఓ జంట ఇసుకలో గుంట చేసుకుంటోంది. రేంజర్‌కి ఏడుపొచ్చింది. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి కరువుతీరా ఏడ్చాడు.

ఇవి ఉండిపోవాలి. ఏం చేస్తే ఉండిపోతాయి?

బుర్ర ఆలోచించేలోగా చేతులు తమకు అలవాటైన పని చేసేశాయి. గదిలోకి పరుగెత్తి, పెట్టె వైరుకి కొత్త బ్యాటరీ తగిలించాడు.

పెట్టె కూసింది.

ఒడ్డు ఒడ్డంతా ఒక్కసారి పైకి లేచింది. అతను బయటికి వచ్చేసరికి ఒక్క పిట్ట లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వైరు పీకి పారేశాడు. ఆ రోజూ, ఆ తర్వాతి రోజులూ తిండి మరిచి ఒడ్డున కూర్చున్నాడు. అవి మళ్ళీ రాలేదు.

పడవ వచ్చిన రోజు, అది రేవు తాకకముందే ఎదురెళ్ళాడు.

"ఆ ముసలావిడ ఎక్కడుంటుందో తెలుసా? అదే, కూత పెట్టినావిడ. ఆవిణ్ణి తీసుకురా. ఆ పిలుపు రికార్డు చెయ్యాలి. పెద్దాఫీసు వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా ఇంకో ఏడాది అడుగుతాను."

పడవవాడు తాడు చుట్టడం ఆపాడు.

"ఆవిడ పోయింది సార్. పోయేదాకా టికెట్ కోసం వస్తూనే ఉంది. మీరు వద్దన్నారని నేనివ్వలేదు."

రేంజర్ రేవు మెట్ల మీద కూలబడ్డాడు.

"పిట్టల మీద పరిశోధన చేసిందా ఆవిడ?"

"అబ్బే, ఆవిడ నాన్న ఇక్కడి లైట్‌హౌస్ కాపలాదారు సార్. దీవిలో ఆడుకోవడానికి తోడు లేదని, కడుపుతో ఉన్న పిల్లిని ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఈ ఒడ్డున దింపిన పాప ఆవిడే."