మూడో చరణం

“ఈ పాట వద్దాంటీ. ముందు వరసలో నాగజ్యోతి గారు కూర్చున్నారు,” అంది శ్రీరమ్య గొంతు తగ్గించి.

“కూర్చోవాలనేగా మొదటి కార్డు తనకే ఇచ్చింది,” అంది కోటిరత్నం, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

‘చేలగట్టు జానపద సంఘం’ వార్షికోత్సవం. పత్తిమిల్లు ఆవరణలో షామియానా వేశారు. వేదిక మీద కోలాటం ఆఖరి కోపుకొచ్చింది. తర్వాతి పాట కోటిరత్నానిదే. అందుకే సంఘం కార్యదర్శి శ్రీరమ్యకి వేదిక వెనక చెమటలు పడుతున్నాయి.

అది మిరపకోతల పాట. కూలికొచ్చే ఎలీసమ్మ ముఠా చేలో కాయలు కోస్తూ కట్టుకున్నది. ఒక పిసినారి ఆసామమ్మని నిలబెట్టి కడిగేసే పాట.

“పేరెక్కడా లేదుగా,” అంది కోటిరత్నం.

“పేరెందుకండీ? కాయలు దాచుకున్నారేమోనని సాయంత్రం కూలీల ఒడి దులిపించి పంపేది ఊరు మొత్తానికి ఆవిడొక్కరే. పైగా మీ తోటికోడలు.”

“తోటికోడలు కాబట్టే. మొన్న గృహప్రవేశంలో నలుగురి ముందూ ఏమందో తెలుసా? ‘మా అక్క పాట ఎత్తుకుంటే చేపిన గేదె కూడా పాలు ఎగబట్టేస్తుంది’ అంది. నవ్వనివాళ్లు లేరు. ఇవాళ నవ్వమను.”

మాట్లాడుతున్నా కోటిరత్నం చేతులు ఊరుకోవడం లేదు. అతిథులు టీ తాగి వదిలేసిన కాగితం గ్లాసులు ఏరి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, సంచిలో సర్దుతోంది.

“అవెందుకాంటీ?”

“వంగనారు పోసుకోడానికమ్మా. పారేస్తే ఏమొస్తుంది?”

“పోనీ, రెండు చరణాలేనా? పాట మరీ చిన్నదైపోదూ?”

“మూడోది కూడా ఉందిట. ఎన్నిసార్లు అడిగినా ఎలీసమ్మకి గుర్తు రావట్లేదు. వయసు మీద పడింది, పాపం.”

కోలాటం అయిపోయింది. సంచి శ్రీరమ్య చేతిలో పెట్టి, కోటిరత్నం మైకందుకుంది. ఎదురుగా కుర్చీల్లో ఊరి పెద్దలు, వెనక పట్టాల మీద కూలీ ఆడవాళ్లు, వాళ్ల మధ్యలో ఎలీసమ్మ.

“మజ్జిగ పోసింది మా చేనుగలమ్మా
ముంతలో చూసుకుని బొట్టెట్టినామమ్మా!”

పందిరి ఘొల్లుమంది. కోటిరత్నానికి హుషారొచ్చింది. గొంతు ఇంకో మెట్టు ఎక్కించింది.

“పొద్దుగూకే యేళ ఒడి దులపమందమ్మా
దులిపితే రాలింది మా చెమటేనమ్మా!”

ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. ఒక్కో తలా ముందు వరస వైపు తిరిగింది. నాగజ్యోతి తల వంచేసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. పక్కనున్న కూతురు, “అమ్మా, ఊరుకో. అందరూ చూస్తున్నారు,” అంటూ చెయ్యి పట్టుకుంది.

కోటిరత్నం కోరుకున్నది ఇదే. తీరా జరుగుతుంటే చూడడానికి మనసు రాలేదు. గేదె మాటకి తన ప్రాణం ఎలా చచ్చిపోయిందో, ఈ మనిషికీ అంతేగా! తనకి ఆపరేషనైనప్పుడు పూటపూటా ఆస్పత్రికి క్యారేజీ మోసుకొచ్చిందీ ఈ మనిషే.

“పాట ఇంతేనండీ,” అంది మైకులో. “ఇది ఎవరినీ ఉద్దేశించి కాదు.”

ఆ ముక్కతో అప్పటిదాకా తెలియనివాళ్లకి కూడా ఎవరినుద్దేశించో తెలిసిపోయింది.

చప్పట్లు లేవు. కోటిరత్నం మెట్లు దిగి, నేల చూపులు చూసుకుంటూ నాగజ్యోతి దగ్గరికెళ్లింది. వెనకాలే శ్రీరమ్య వచ్చి, ఏం చెయ్యాలో తోచక, సంచి కోటిరత్నం భుజానికి తగిలించింది.

“జ్యోతీ, తప్పయిపోయిందే. ఏడవకే. నా బుద్ధి గడ్డి తింది.”

మాటలు పందిరంతా మోగాయి. మైకు ఇంకా తన చేతిలోనే ఉందని కోటిరత్నానికి అప్పుడు తెలిసింది. స్విచ్చి కోసం తడుముకుంది. వేలికి దొరకలేదు.

వెనక పట్టాల మీద గుసగుసలు మొదలయ్యాయి.

“ఎలీసమ్మత్తా, మూడోది అందుకోవే!”

“నోర్ముయ్యండే. బాగోదు.”

“ఆయమ్మే తప్పయిపోయిందంటందిగా. ఇంకా బాగోకపోవడమేంది!”

“మూడోది గుర్తు లేదందిగా,” అంది కోటిరత్నం, ఎవరితో అంటోందో తెలియకుండా.

నాగజ్యోతి అప్పుడు తలెత్తి కొంగు తీసింది. కళ్లనిండా నీళ్లే. నోరు మాత్రం చెవులదాకా సాగి ఉంది. నవ్వు ఆపుకోలేక రొప్పుతోంది.

“గుర్తు లేకపోవడమేంటక్కా! మీ చేలో పాడరు గానీ, మా చేలో దినామూ అదేగా. ఈ రెండూ నా మీదవి కాబట్టి నీకు నేర్పారు. బాగానే పాడావు. మరి నీది పాడవేం?”

కోటిరత్నం చేతిలోంచి మైకు లాక్కుంది. వెనక ముఠా అంతా ఒక్కసారిగా లేచి నిలబడి గొంతు కలిపింది.

“కాయితం గలాసుల్లో టీ పోసిందమ్మా
కడిగి ఆరేసింది రేపటికమ్మా!”