లువా పేరున్న దువ్వెన

ముసలావిడ దువ్వెనను ముక్కు దగ్గరికి తీసుకెళ్లేసరికి కియెమ్ గుండెల్లో రాయి పడింది.

"చేపల వాసనొస్తోందేంటి, మరిదీ?" అంది లువా.

"వాగు పక్కనే కదా వదినా మా మకాం. రోజూ చేపలు పట్టేవాళ్లం. మా దువాత్ జేబుల్లో కూడా చేపలే."

"యాభై ఏళ్లయినా వాసన పోలేదంటే గట్టి చేపలే!"

చనిపోయిన పెద్దల పీఠం మీద, అగరుబత్తుల పొగ వెనక, పటంలో లువా భర్త, ఇరవై రెండేళ్ల దువాత్ చూస్తూ కూర్చున్నాడు. కియెమ్ అటు చూడలేక టీ గ్లాసులోకి చూశాడు. ఆ వాసన ఎక్కడిదో తనకీ, పటంలో ఉన్నవాడికీ మాత్రమే తెలుసు.

కొండల్లో యుద్ధం చేస్తున్న రోజుల్లో వాళ్ల దళం తొమ్మిదిమంది. కూలిన అమెరికా విమానాల రేకు కోసి, తీరికున్నప్పుడల్లా పెళ్లాలకీ కాబోయే పెళ్లాలకీ దువ్వెనలు చేసుకునేవాళ్లు. దువాత్ తన దువ్వెన మీద ఒక పావురాన్ని చెక్కి, కింద భార్య పేరు రాశాడు. 'నేను పోతే మీలో మిగిలినవాడు దీన్ని మా లువా చేతికివ్వాలి' అని దళమంతటి చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఆ వానాకాలమే బాంబు పడి దువాత్ పోయాడు. అతని సంచీ, అందులోని దువ్వెనా వాగులో కొట్టుకుపోయాయి. తరవాత దళాన్ని తలో దిక్కుకీ పంపేశారు. మళ్లీ ఎవరి జాడా తెలియలేదు. మిగిలింది తానొక్కడేననీ, ఒట్టు తన మెడకే చుట్టుకుందనీ కియెమ్ నమ్మాడు.

ఒట్టి చేతులతో వెళ్లి ఆవిడకేం చెప్పాలి? యుద్ధమయ్యాక కొన్నాళ్లకి తనే ఒక దువ్వెన చేశాడు. ఆరేళ్ల కూతురు దాన్ని పాత సామాన్లవాడికిచ్చి పుల్ల ఐసు కొనుక్కుని తినేసింది. అప్పుడు చల్లబడ్డ ధైర్యం మళ్లీ రాలేదు. తీరా డెబ్బై అయిదో ఏట మోకాళ్లు మొరాయించడం మొదలెట్టాక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని మళ్లీ రేకు పట్టాడు. రేకంటే, అన్నం గిన్నె మూత.

"మూతేదీ?" అంది భార్య థావ్.

"సైన్యానికిచ్చాను."

"ఏ సైన్యానికి? యుద్ధం ఎప్పుడయిపోయిందో నీకెవరూ చెప్పలేదా?"

కొత్త మెరుపు చావాలని ఆ దువ్వెనను వారం రోజులు చేపల సాసులో నానబెట్టాడు. మెరుపు పోయింది. సాసు మాత్రం ఉండిపోయింది.

ఊరు వెతకడం ఇంకో భాగోతం. దువాత్‌ది థాయ్ బిన్ ప్రాంతమని తప్ప గుర్తులేదు. పాత ఊరిని పక్క ఊళ్లో కలిపేసి పేరు మార్చారు. ఆ పేరూ నచ్చక మళ్లీ మార్చారు. మూడు బస్సులు మారి, నాలుగు ఊళ్లలో టీలు తాగి, చివరికి ఈ గుమ్మం చేరాడు.

"ఇదేం బొమ్మ? బాతా?" అంది లువా, దువ్వెనను వెలుతురుకి పట్టి.

"పావురం."

"పావురానికింత పెద్ద ముక్కుంటుందా?"

"పైనుంచి బాంబులు పడుతుంటే చేతులు వణికేవి వదినా."

"మా ఆయనకి బొమ్మలు ఏనాడొచ్చాయిలే!" అంటూ ఆవిడ దువ్వెనను తెల్లజుట్టులోకి దించింది. అది సగంలో చిక్కుకుంది. "పనితనం మాత్రం అచ్చం ఆయనదే. ఏదీ నున్నగా చేసి ఎరగడు."

కియెమ్ ఊపిరి వదిలాడు. ఆవిడ చేతి అంచుతో కళ్లు తుడుచుకుంది. అంతే, దిగిన బరువు దిగినట్టే మళ్లీ వచ్చి నెత్తినెక్కింది. ఈవిడ కన్నీళ్లు నిజం. అవి రాలుతున్నది గిన్నె మూత మీద.

"థోమ్! మరిది వచ్చాడు, కోడిని కొయ్యవే," అని కేకేసింది లువా.

"ఎప్పుడో కోసేశానత్తయ్యా!" వంటింట్లోంచి మేనకోడలు బదులిచ్చింది. "ఆయన సంచీ గుండెకి హత్తుకుని గేటు దగ్గర నిలబడ్డప్పుడే కోసేశాను."

ఎంత మంచి మనుషులు! కియెమ్‌కి ఇంకా సిగ్గేసింది.

"సరే గానీ," లువా తమలపాకు చుడుతూ ముందుకు జరిగింది. "ఆయన నా గురించి ఏమనేవాడు? నిజం చెప్పు."

దీనికి అబద్ధం ఆడక్కర్లేదు. "మీకు పాట రాదనేవాడు వదినా. అయినా నాట్లేస్తూ పాడతారట. మీరు గొంతెత్తితే కొంగలన్నీ లేచి పక్క ఊరి పొలాలకి పోయేవట. పక్క ఊరివాళ్లు గొడవకొచ్చారట."

లువా ఆకు చేతిలో పట్టుకునే నవ్వింది. నవ్వీ నవ్వీ పొలమారింది. "దొంగ సచ్చినోడు!" అని పటం వైపు వేలు చూపించింది. "కొంగల మాట ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. ఏదీ, మళ్లీ చెప్పు."

కియెమ్ మళ్లీ చెప్పాడు. ఈసారి కొంగల్లా చేతులు కూడా ఆడించాడు. ఆవిడ ఇరవై ఏళ్ల పిల్లలా నవ్వుతుంటే అతనికిక ఆగలేదు. పోతే పోయింది కోడి కూర, ఈ తల్లిని మోసం చేసి ముద్ద మింగలేననుకున్నాడు.

"వదినా, మీకో మాట చెప్పాలి. ఈ దువ్వెన ఉంది చూశారూ..."

"భోంచేశాక చెబుదువుగానిలే," లువా దువ్వెనను అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "ముందు దీన్ని ఆయన దగ్గర పెట్టు. తెచ్చినవాళ్లు తమ చేత్తోనే పెట్టాలి. అదిగో, పీఠం కింద సొరుగు."

కియెమ్ సొరుగు పట్టుకుని లాగాడు. అది కదల్లేదు.

"బిగుసుకుంటుంది. గట్టిగా లాగు, నాయనా."

గట్టిగా లాగాడు.

లోపల అప్పటికే ఆరు దువ్వెనలున్నాయి, ఆరింటి మీదా లువా పేరే.